ఆదివారం కథలు: పుస్తకం ముట్టని పిల్లల కోసం

అందరికీ నమస్కారం అండీ. "మావాడు పుస్తకం పట్టడు" అని మొన్న ముగ్గురు అమ్మలు రాశారు. మా అబ్బాయీ అంతే. నీతికథలు వాడికి పడవు. ఏదైనా విప్పి బిగించడమంటే మాత్రం ప్రాణం.

అందుకే విలియం కామ్‌క్వాంబా సంగతి చెప్పాను. ఆఫ్రికాలో మలావీ దేశపు కుర్రాడు. 2002 నాటి కరువులో ఫీజు కట్టలేక బడి మానేశాడు. లైబ్రరీలో ఒక పుస్తకంలో గాలిమర బొమ్మ చూశాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా బొమ్మలు పట్టుకుని అర్థం చేసుకున్నాడు. పాత సైకిల్, ట్రాక్టర్ ఫ్యాను, ప్లాస్టిక్ పైపులతో గాలిమర కట్టి ఇంట్లో బల్బు వెలిగించాడు. "డైనమో ఎక్కడ పెట్టాడమ్మా?" అన్నాడు మావాడు. జవాబు చెప్పకుండా విలియం కథ ఉన్న పుస్తకం చేతికిచ్చాను. నాలుగు పేజీలు తనే చదివాడండీ! నాకు కళ్లు చెమర్చాయి.

లూయీ బ్రెయిల్ కథా బాగుంటుంది. 3 ఏళ్లప్పుడు నాన్న పనిచేసే కొట్లో తోలుకు చిల్లులు పెట్టే ఆరె కంట్లో గుచ్చుకుని, క్రమంగా చూపు పోయింది. 15 ఏళ్లకే, చూపులేనివాళ్లు వేళ్లతో తడిమి చదివే ఆరు చుక్కల లిపి తయారుచేశాడు.

ఒక్క మనవి. కథ అయ్యాక "ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. మంచి పట్టులో ఆపేసి పుస్తకం పక్కన పెట్టండి, చాలు.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు విశాఖ ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా కలుద్దాం. పిల్లలతో కాగితం గాలిమరలు చేయిద్దాం. చార్టులు, గుండుసూదులు నేను తెస్తాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఆపై వారం వెళ్దాం. వచ్చేవాళ్లు పిల్లల వయసు ఇక్కడే రాయండి.