ఫిబ్రవరి గద్దవేట యాత్ర గురించి మా పాత ప్రయాణికులకు

మాతో కలిసి మంగోలియా పడమటి కొండలకు వచ్చినవారికి, వచ్చే ఫిబ్రవరి యాత్రకు ఇప్పటికే బయానా కట్టినవారికి ఈ ఉత్తరం రాస్తున్నాను. 2024, 2025 ఫిబ్రవరి నెలల్లో ఆ కొండల్లోని బయాన్-ఓల్గీ ప్రాంతంలో మేము మీకు చూపించిన గద్దవేట, అంటే పెంచిన గద్దను ఎగరేసి నక్కను పట్టించే వేట, నిజమైనది కాదు. నక్కను ముందుగానే పట్టి, గోనెసంచిలో తెచ్చి, మీరు నిలబడిన గట్టుకు ఎదుటి వాలు మీద వదిలారు. ఆ రెండుసార్లూ నేను మీ పక్కనే ఉన్నాను. నాకు తెలియదు అన్నది నిజమే గానీ, ఏడేళ్లుగా ఆ కొండలకు మనుషుల్ని తీసుకువెళుతున్నవాడికి తెలియకపోవడమే అసలు తప్పు.

బయటపడిన తీరు చెబుతాను. 2025 జట్టులో ఒక పశువైద్యురాలు ఉన్నారు. తిరిగి వచ్చిన మూడు వారాలకు ఆవిడ హైదరాబాదులో మా ఆఫీసుకు వచ్చి, తన కెమెరాలోని ఒక ఫోటోను పెద్దది చేసి నా ముందు పెట్టారు. గద్ద కాళ్ల కింద ఉన్న నక్క మెడ చుట్టూ వేలెడు వెడల్పున బొచ్చు ఊడిపోయి, చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. చాలా రోజులు తాడు కట్టి ఉంచిన జంతువుకు తప్ప అలాంటి గుర్తు పడదని ఆవిడ అన్నారు. నేను వెంటనే ఒప్పుకోలేదు. వలలో చిక్కి తప్పించుకున్న నక్క అయి ఉండవచ్చునని వాదించాను. ఆవిడ మారుమాట లేకుండా రెండో ఫోటో తీశారు. అందులో మంచు మీద నక్క అడుగుజాడలు ఉన్నాయి. అవి కొండ పైనుంచి గాని లోయలోనుంచి గాని రాలేదు, ఒక బండరాయి వెనుక మొదలయ్యాయి. ఆ రాతి దగ్గర బూట్ల గుర్తులు రెండు వరుసలు ఉన్నాయి, వెళ్లినవి ఒకటి, వచ్చినవి ఒకటి. ఆ ఫోటో తీస్తున్నప్పుడు నేను ఆవిడకు రెండు అడుగుల దూరంలో నిలబడి, తెలిసినవాడిలా, మంచు మీద జాడలను ఎలా చదవాలో మిగతావారికి వివరిస్తున్నాను. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ తల దించుకుంటాను.

నిజమైన వేట ఎలా ఉంటుందో తెలిస్తేనే ఈ మోసం ఎందుకు జరిగిందో అర్థమవుతుంది కనుక, కొత్తవారి కోసం కొంత చెప్పాలి. బయాన్-ఓల్గీ జనాభాలో అత్యధికులు కజక్కులు. గద్దను పెంచి వేటాడించేవాడిని వారు బుర్కిత్‌షి అంటారు. వారు వాడేది ఆడగద్దను, ఎందుకంటే మగదానికన్నా అదే పెద్దది, బలమైనది. అయిదారు కిలోల పక్షిని చేతి మీద మోస్తూ గుర్రం ఎక్కడం మాటలు కాదు కాబట్టి, జీనుకు ఒక పంగలకర్ర ఆనించి దాని మీద ముంజేతిని నిలుపుకుంటారు. వేసవిలో ఈకలు రాల్చుకుంటూ విశ్రాంతిగా ఉండే గద్దను, చలి ముదిరి నక్కబొచ్చు దట్టమయ్యే వేళకు రక్తం పోయేలా నీళ్లలో నానబెట్టిన మాంసం పెట్టి, ఆకలి పదును మీద ఉండేలా తయారు చేస్తారు. కొత్త మంచు పడిన మరునాడు, గాలి లేకపోతే, వేటగాడు గట్టెక్కి కూర్చుంటాడు. కింద ఒకరిద్దరు గుర్రాల మీద అరుస్తూ పొదలను, రాతి సందులను కదిలిస్తారు. నక్క లేచి పరుగెత్తితే గద్ద కళ్లమీది తోలు టోపీ తీస్తారు. లేవకపోతే సాయంత్రం దాకా చలిలో కూర్చుని ఇంటికి వస్తారు. ఎక్కువ రోజులు జరిగేది ఈ రెండోదే. (మన భాషలో సాళువ అంటే వేటకు వాడే డేగ. ఆ మాటను ఇంటిపేరుగా పెట్టుకున్న రాజులు విజయనగరాన్ని ఏలారు. పక్షితో వేటాడడం మనకు బొత్తిగా తెలియని విద్య కాదని ప్రతి జట్టుకూ గర్వంగా చెప్పేవాడిని. తెలిసినవాడి తెలివి ఎంతటిదో ఇప్పుడు చూశారు కదా.)

అలాంటి వేటను మేము ఎంత సమయంలో చూపిస్తామన్నాము? బుర్కిత్‌షి ఇంట్లో నాలుగు రాత్రులు పెట్టాము. రాకపోకలు పోను చేతికి దొరికేవి రెండు పగళ్లు. మా కరపత్రం మీద నేనే స్వయంగా "గద్దవేటను కళ్లారా చూడండి" అని రాయించాను. 2023లో మొదటి ఫిబ్రవరి జట్టుకు ఆ రెండు రోజులూ నక్క కనిపించలేదు. రెండో రాత్రి భోజనాల దగ్గర ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఒకరిద్దరు అంత ఖర్చు పెట్టి వచ్చింది మంచు చూడడానికా అని అన్నారు కూడా. ఆ మూతిముడుపులను తెలుగు రాకపోయినా చదవగలిగిన మనిషి ఒకడు ఆ గదిలో ఉన్నాడు. ఓల్గీ పట్టణంలో మాకు వాహనాలు, బస, వేటగాళ్లతో మాటలు అన్నీ కుదిర్చిపెట్టే ఏజెంటు.

ఆయన పేరు రాయను. ఫోన్ చేసి అడిగితే బుకాయిస్తాడనుకున్నాను, బుకాయించలేదు. "మీ మనుషులు రెండు రోజులే ఉంటారు, నక్కకు ఆ సంగతి తెలియదు" అన్నాడు. పైగా, నక్కకు, దాన్ని పట్టినవాడికి, తెచ్చినవాడికి డబ్బు తానే ఇచ్చానని, నా బిల్లులో ఒక్క రూపాయి కూడా వేయలేదని, మీ వ్యాపారం నిలబెట్టడానికే చేశానని చెప్పాడు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. 2018లో మొదటిసారి వెళ్లినప్పటి నుంచి, దేశం తలుపులు మూసుకున్న కోవిడ్ కాలంలో కూడా అప్పుడప్పుడు పలకరించుకుంటూ, 2022లో మళ్లీ తెరిచినప్పుడు మొదటి ఫోన్ ఆయనకే చేసినవాణ్ణి నేను. తన తప్పును నా మేలుగా చెప్పడం నేను ఇప్పటికీ సహించలేను, ఆయనతో ఇక పని చేయను. అయితే ఆయన మాటలో సగం నిజమని ఒప్పుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. రెండు పగళ్లలో వేట చూపిస్తామని అచ్చు వేసినవాడిని నేను. సంచి ఆయన తెచ్చినా, దాని అవసరం నా కరపత్రమే కల్పించింది.

ఏప్రిల్ చివరలో నేను ఒక్కడినే ఓల్గీ వెళ్లాను. ఫోన్లో తేలే సంగతి కాదనిపించింది. మనం ఉండే ఇంటి పెద్దాయన అప్పుడు మేకల బొచ్చు దువ్వుతున్నారు. ఆ కాలంలో మేకల లోపలి మెత్తటి బొచ్చు వదులవుతుంది, కాష్మీర్ శాలువాలకు పోయేది అదే. మేకను పడుకోబెట్టి కాళ్లు కట్టి, కొసలు వంగిన పొడుగు పళ్ల ఇనుప దువ్వెనతో మెడ నుంచి తోక వైపు లాగుతూ, దువ్వెన నిండిన ప్రతిసారీ ఆ బూడిదరంగు దూదిని వేళ్లతో తీసి సంచిలో కుక్కుతున్నారు. దుబాసీ నా ప్రశ్న అడిగాక కూడా ఆ చెయ్యి ఆగలేదు. మూడు మేకలు అయ్యాయి. నాలుగోదాన్ని పట్టుకుంటూ చెప్పారు, ఆ రెండు సంవత్సరాలూ మీ ముందు ఎగిరింది నా గద్ద కాదు, నా తమ్ముడి కొడుకు గద్ద అని.

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత గుర్తొచ్చింది. వేట నుంచి తిరిగి వచ్చిన రోజు, వంటగది పక్క చీకటి గదిలో, తలకు టోపీతో, దిమ్మె మీద ఒక గద్ద కూర్చుని ఉంది. ఉదయం మనతో వచ్చినది ఎండుతున్న రెక్కలతో బయటే ఉంది. అవి రెండు పక్షులని మనలో ఒక్కరికీ తట్టలేదు. ఇల్లు గడవాలి కనుక ఏజెంటు చెప్పిన పనికి ఆయన ఒప్పుకున్నారు, తన పక్షిని మాత్రం ఆ పనికి ఇవ్వలేదు. ఆ గద్దను ఇంకొక చలికాలం వేటాడించి, తరువాతి వసంతంలో కొండల్లో వదిలిపెడతానని కూడా అన్నారు. కొన్నేళ్లు వేటాడిన గద్దను అలా విడిచిపెట్టడం వారి ఆచారం.

ఇక నన్ను ఎక్కువ రోజులు నిద్రపోనివ్వని సంగతి. ఫోటో ఒక్క జట్టుదే. 2024లో వచ్చిన పదకొండు మందికి ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. వారిలో కొందరు ఆ వేట వీడియోను పెళ్లిళ్లలో, పండుగలలో బంధువులకు చూపించుకుంటున్నారు. ఒకరైతే ఆ ఫోటోను పటం కట్టించి ముందు గదిలో పెట్టుకున్నారు, నేను కళ్లారా చూశాను. మాతో ఆఫీసులో కూర్చునే మా బావమరిది, అడగనివారికి చెప్పి వారి సంతోషం పాడుచేయడం దేనికి, ఇకముందు సరిగా చేస్తే చాలదా అన్నాడు. ఇది స్వార్థంతో అన్న మాట కాదు. నేను కూడా ఒక నెల రోజులు అలాగే అనుకున్నాను. పటం కట్టించుకున్న మనిషికి ఆ నక్క మెడ గురించి ఎలా చెప్పాలి? చెప్పకుండా, వచ్చే ఏడాది ఆయన చెల్లెలి కుటుంబానికి టికెట్ ఎలా అమ్మాలి? ఈ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆ ఇంటికి ఈ ఉత్తరం కంటే ముందు నేనే వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు పటం వైపు చూసి, కాఫీ తాగుతారా అని అడిగారు. పటం ఉంచారో తీశారో నేను అడగలేదు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. 2024 జట్టులో పదకొండు మంది, 2025 జట్టులో పది మంది, మొత్తం ఇరవైఒక్క మందికి తలా 15,000 రూపాయలు వెనక్కి ఇస్తున్నాను. యాత్ర ధరలో వేట రోజుల కింద మేము లెక్కకట్టిన భాగం అంతే. 3,15,000 రూపాయలు మాలాంటి చిన్న సంస్థకు తక్కువేమీ కాదు, అందువల్ల రెండు విడతలుగా ఇస్తాను, రెండో విడత సంక్రాంతి లోపు అందుతుంది. ఇప్పటికే ఇద్దరు అక్కర్లేదన్నారు. దయచేసి తీసుకోండి. వద్దనడం మీ పెద్దమనసు కావచ్చు గానీ, ఆ డబ్బు నా దగ్గర ఉంటే నాకు సుఖం లేదు.

ఆ వేటగాడి కుటుంబాన్ని కూడా వదిలేయాలని మీలో ఇద్దరు ముగ్గురు సూచించారు. వదిలేయను. ఈ విషయంలో నేను మొండివాణ్ణే. 2023-24 చలికాలపు ద్జుద్‌లో, అంటే మేత మంచు కింద గడ్డకట్టిపోయి పశువులు ఆకలికీ చలికీ పడిపోయే ఆ విపత్తులో, మంగోలియా మొత్తం మీద 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. ఈ ఇంట్లోనూ గొర్రెలు పోయాయి. ఆ ఫిబ్రవరిలో మనం ఇచ్చే బస డబ్బు ఎంత అవసరమో ఏజెంటుకు తెలుసు, అందుకే ఆయన వారిని అడగగలిగాడు. అవసరంలో ఉన్నవాడు తలవంచాడని ఆ ఇంటి పొయ్యి ఆర్పేసి, నేను మాత్రం మరో వేటగాణ్ణి వెతుక్కోవడం న్యాయంగా తోచలేదు. ఇకనుంచి బస, గుర్రాలు, వేట రోజుల డబ్బు మధ్యలో ఎవరి చేతిలోనూ పడకుండా ఆ ఇంట్లోనే, మంగోలియా డబ్బు తుగ్రిక్కుల్లో, నేనే లెక్కపెట్టి ఇస్తాను. నక్క దొరికినా దొరకకపోయినా ఇచ్చేది ఒక్కటే మొత్తం. ఇది ఆయన పెట్టిన షరతు కాదు, నేను పెట్టినది.

వాహనాలకు ఓల్గీలోనే మరొకరు కుదిరారు. అవే పాత రష్యన్ ఫుర్గాన్ బండ్లు. వీసా, విమానాలు, సామాను బరువు, ఆవకాయ ఎంత తెచ్చుకోవచ్చు వంటివన్నీ పాత కాగితంలో ఉన్నట్టే.

మారేది ఫిబ్రవరి యాత్ర. ఆ ఇంట్లో నాలుగు రాత్రుల బదులు తొమ్మిది రాత్రులు ఉంటాము, జట్టులో ఆరుగురికి మించి తీసుకోము, ధర దాని ప్రకారం పెరుగుతుంది. కరపత్రం నుంచి ఆ పాత వాక్యాన్ని తీసేశాను. వేట రోజుల్లో మీరు చూసేది కొండ, గుర్రం, గట్టు మీద మౌనంగా కూర్చున్న మనిషి, ఆయన చేతి మీద కళ్లు మూసిన పక్షి. మిగతా రోజుల్లో పశువులను తోలడం, నీళ్లకు మంచు పగలగొట్టడం, పిడకల పొయ్యి దగ్గర ఉప్పేసిన పాల టీ. మరొక్క మాట. చలికాలంలో వారు ఉండేది గుండ్రటి గుడారంలో కాదు, మందపు గోడల ఇంట్లో. గుడారం వేసవిది. ఫోటో కోసం ఫిబ్రవరిలో గుడారం వేయించమని గతంలో కొందరు అడిగారు, ఒకసారి వేయించాము కూడా. ఇక అదీ ఉండదు.

అక్టోబరు మొదటి వారంలో ఓల్గీ దగ్గర జరిగే గద్దల పండుగ యాత్ర యథాతథంగా ఉంటుంది. అక్కడ గుర్రానికి కట్టి ఈడ్చే నక్కతోలు మీదికి గద్ద దూకడం అందరి ఎదుటా జరిగే పోటీ. అది తోలేనని చూసేవారికీ తెలుసు, దూకించేవారికీ తెలుసు.

ఫిబ్రవరికి ఇప్పటికే బయానా కట్టిన తొమ్మిది మందిలో ఎవరికైనా ఈ కొత్త పద్ధతి నచ్చకపోతే ఈ నెలాఖరు లోపు చెప్పండి, మొత్తం వెనక్కి ఇస్తాను. తొమ్మిది మందీ ఉంటామంటే ముందు కట్టిన ఆరుగురు ఈసారి, మిగిలిన ముగ్గురు పాత ధరకే వచ్చే ఏడాది. ఉండేవారు మాత్రం ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. తొమ్మిది రోజులూ నక్క లేవకపోయినా, గద్ద ఒక్కసారి ఎగరకపోయినా డబ్బు తిరిగి అడగబోమని అందులో ఉంటుంది. ఆ కాగితం కజక్ భాషలోకి కూడా రాయించి పెద్దాయనకు పంపాను. కొడుకు చేత చదివించుకుని, తాను కూడా సంతకం పెట్టాలా అని అడిగారట.