పిల్లల ఫోన్‌కి మాటలు చాలు, నెల ప్లాన్ ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అమ్మాయికి ఫోన్ ఇవ్వాలా వద్దా అని ఇంట్లో ఆరు నెలలు తర్జనభర్జన పడ్డాం గానీ, ఇచ్చాక దానికి ఏ ప్లాన్ వేయించాలో అయిదు నిమిషాలు కూడా ఆలోచించలేదు. నాలాంటి అమ్మానాన్నలు చాలామంది ఉంటారనే ఈ ఉత్తరం.

మేం ఉండేది బెంగళూరు కుందలహళ్లిలో. పాప ఎనిమిదో తరగతి, శని ఆదివారాలు బ్యాడ్మింటన్ కోచింగ్‌కి పర్పుల్ లైన్ మెట్రోలో ఇందిరానగర్ వెళ్లొస్తుంది. ఎక్కేటప్పుడు ఒక ఫోను, దిగాక ఒక ఫోను, సాయంత్రం మదనపల్లెలో ఉన్న అవ్వతో నాలుగు మాటలు, ఆ ఫోన్‌తో తనకున్న పని అంతే. నేను వేయించింది మాత్రం రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వచ్చే 28 రోజుల ప్లాను, ఎందుకంటే వీధి చివర రీచార్జ్ షాపులో అడగకుండానే అందరికీ అదే వేసేస్తారు.

జూలై 5న వేయించాను కదా, మళ్లీ ఆగస్టు 5కి చూసుకుందాంలే అనుకున్నాను. 28 రోజులు ఆగస్టు 1 రాత్రితోనే అయిపోయాయి. ఆ మర్నాడు శనివారం, సాయంత్రం వాన, పాప స్టేషన్ దిగి నాకు ఫోన్ చేస్తే కాల్ వెళ్లడం లేదు, నేనేమో తను చేస్తుందని ఇంట్లో ఎదురు చూస్తున్నాను. ఇరవై నిమిషాల తర్వాత తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మెట్లకింద పూలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి, నా నంబర్ నోటికి వచ్చు కాబట్టి, ఆమె ఫోన్ అడిగి చేసింది. నేను వెళ్లేసరికి ఆవిడ పూలబుట్ట పక్కకి జరిపి, టార్పాలిన్ కింద పాపని కూర్చోబెట్టుకుని ఉంది. ఆ ఇరవై నిమిషాల టెన్షన్ ఇంకా మర్చిపోలేకపోతున్నాను.

గడువు అయిపోతోందని కంపెనీ మెసేజ్‌లు పంపింది, కాదనను. కానీ అవన్నీ పాప ఫోన్‌కే వచ్చాయి, పదమూడేళ్ల పిల్ల అవి చదివి నాకు చెబుతుందా? 18 ఏళ్లు నిండనివాళ్లకు సిమ్ ఇవ్వరు, అందుకే పిల్లల సిమ్ ఎప్పుడూ అమ్మ పేరునో నాన్న పేరునో ఉంటుంది, పాపది కూడా నా పేరు మీదే ఉంది. మరి సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్ల సొంత నంబర్‌కి కూడా ఆ మెసేజ్ ఒకటి పంపడానికి కష్టమేమిటి?

ఆ తర్వాత కూర్చుని అన్నీ చదివితే తెలిసింది, మనకి పనికొచ్చే నిబంధనలు ఎప్పుడో వచ్చేశాయని. 28 రోజుల ప్లానే కాకుండా 30 రోజులది ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునేది ఒకటి ఉండాలని టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2022 జనవరిలోనే అన్ని కంపెనీలకూ చెప్పింది. ఇక 2024 డిసెంబరు 23న ఇంకో మార్పు తెచ్చింది, ప్రతి కంపెనీ డేటా లేకుండా కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే పనికొచ్చే రీచార్జ్ కనీసం ఒకటైనా పెట్టాలి, గడువు 365 రోజుల దాకా ఇవ్వొచ్చు. దాంతో 2025 జనవరిలో జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 రూపాయలకు, ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849 రూపాయలకు ఇచ్చాయి, కాల్స్ ఎన్నైనా చేసుకోవచ్చు. ఇవి అప్పటి ధరలు, వేయించుకునే ముందు ఒకసారి చూసుకోండి. నేను కడుతున్న 299 రూపాయల లెక్కన 28 రోజులకోసారి అంటే ఏడాదికి 13 సార్లు, 3,887 రూపాయలు. అదే మాటల ప్లాన్ ఏడాదికి వేయిస్తే 1,849. రెండు వేలు మిగులుతాయి.

డబ్బు సంగతి ఒకటే కాదు. రోజువారీ డేటా అర్ధరాత్రికి మురిగిపోతుంది, మిగిలితే వృథా అయిపోతుందని పిల్లలు పడుకునే ముందు వీడియోలు పెట్టుకుంటారు, మా పాప నాతో ఆ మాటే అంది, "డబ్బులు కట్టాం కదమ్మా, వాడకపోతే పోతుంది". తనది తప్పని నేను అనలేను. అవసరం లేని డేటా కొని చేతిలో పెట్టింది నేనే కదా.

సరే, మాటల ప్లాన్ వేయమని షాపుకి వెళ్తే "అలాంటిది లేదు మేడం" అన్నారు. యాప్‌లో పై నుంచి కింద దాకా వెతికితే ఎక్కడో అడుగున దొరికింది. ఉన్నదాన్ని లేదనిపించేలా పెట్టడం ఏం న్యాయం? షాపు గోడకి అంటించే ధరల కాగితంలో ఆ ఒక్క లైను కూడా ఉండాలి, యాప్‌లో మొదటి పేజీలోనే కనిపించాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మా ఇంట్లో పనికి వచ్చే అక్క కదిరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, కొడుకు తొమ్మిదో తరగతి, ఆమె పని నుంచి వచ్చేదాకా వాడు ఇంట్లో ఒక్కడే ఉంటాడని ఒక కీప్యాడ్ ఫోన్ కొనిచ్చింది. దానికి 28 రోజులకోసారి 199 వేయిస్తుంది, అందులో వచ్చే 2 జీబీ డేటా ఆ ఫోన్‌లో ముట్టుకునేది కూడా లేదు. 84 రోజుల ప్లాన్ గురించి చెప్తే, "ఒకేసారి 469 ఎక్కడి నుంచి తేను అక్కా, నెలకి నూటాయాభైకి మాటలొక్కటే వచ్చేది లేదా?" అంది. నా దగ్గర జవాబు లేదు. 469ని మూడు భాగాలు చేస్తే 28 రోజులకు 156 రూపాయలే పడుతుంది, ఏడాదికి ఒకేసారి కట్టగలిగితే ఇంకొంచెం తక్కువ. ఒకేసారి కట్టలేని ఆమె ఏడాదిలో 13 సార్లు 199 చొప్పున 2,587 కడుతోంది, ఏడాది మాటల ప్లాన్ కంటే 738 రూపాయలు ఎక్కువ, అదీ వాడని డేటాకి!

ట్రాయ్ నిబంధనలో గడువు ఎంతవరకు ఉండొచ్చో చెప్పారు గానీ, నెల రోజులది తప్పకుండా ఉండాలని చెప్పలేదు, కంపెనీలు పెద్ద మొత్తాలవే పెట్టాయి. ఆ ఒక్క ముక్క చేర్చమని ట్రాయ్‌ని కోరుతున్నాను, మీ పత్రిక కూడా ఈ విషయం గట్టిగా అడగాలి. నెల రోజుల మాటల ప్లాను, 150 రూపాయల చుట్టుపక్కల. అది వచ్చేదాకా డేటా ప్లానే గతి అనుకునేవాళ్లు పిల్లల నంబర్ నుంచి 1925కి స్టాప్ అని మెసేజ్ పెట్టి డేటా ఆపించుకోవచ్చు, ఇది కూడా ట్రాయ్ పెట్టించిన ఏర్పాటే.

పాపకి ఇప్పుడు 84 రోజుల మాటల ప్లాన్ వేయించాను, ముగిసే తేదీ వంటింటి క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో రాసి పెట్టాను. పూలమ్మే ఆవిడ నంబర్ కూడా పాప ఫోన్‌లో వేశాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కుందలహళ్లి, బెంగళూరు