పరిశోధన పత్రాల తాళం తీయాల్సింది ప్రభుత్వమే

సంపాదకుడి గారికి,

డబ్బు కట్టి చదవాల్సిన పరిశోధన పత్రాలను ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైటును మన దేశంలో నిలిపివేయాలని ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో ఆదేశించింది. అప్పటి నుంచి, అక్కడ జర్నల్ పత్రాలు దించుకున్న పరిశోధక విద్యార్థులంతా దొంగలేనన్న మాట వినిపిస్తోంది. కాపీహక్కు చట్టం ప్రకారం ఆ సైటు చేసేది ఉల్లంఘనే. కానీ విద్యార్థిని దోషిగా నిలబెట్టేముందు ఆ సొమ్ము ఎవరిదో చూడాలి.

మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు పెట్టే డబ్బు చాలావరకు ప్రజల పన్నులదే. పత్రం రాసిన ఆచార్యుడికి జర్నల్ పైసా ఇవ్వదు. అచ్చుకు తగునో కాదో తేల్చే సమీక్షకులకూ సాధారణంగా ఏమీ ముట్టదు. పైగా చాలా జర్నళ్లు రచయిత చేత కాపీహక్కు రాయించుకుంటాయి. ప్రచురణకు ఖర్చే లేదని కాదు. సమీక్షలు నడిపించాలి, కూర్పు చేయాలి, సర్వర్లు చూసుకోవాలి. అయినా జర్నళ్లు వేసే ఎల్సెవియర్ వంటి సంస్థ ఆదాయంలో మూడో వంతుకు పైగా నిర్వహణ లాభంగా మిగుల్చుకుంటోంది. విడిగా కొనాలంటే ఒక్కో పత్రం తరచుగా 30 నుంచి 40 డాలర్లు, అంటే మన డబ్బుల్లో మూడు వేలకు అటూ ఇటూ. పీహెచ్‌డీలో పూర్వ పరిశోధనల సమీక్షకే వంద పత్రాలు తిరగేయాల్సి వస్తుంది. ఫెలోషిప్ లేని విద్యార్థి మూడు లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? సారాంశం చూసి కొన్నది తీరా చదివితే పనికిరాకపోవచ్చు కూడా.

అలాగని ప్రతి పీడీఎఫ్‌నూ ఇదే గాటన కట్టలేం. ఐదొందలో వెయ్యో ప్రతులు వేసి, అవి అమ్ముడైతేనే మరో పుస్తకం తేగలిగే తెలుగు ప్రచురణకర్తలున్నారు. సొంత డబ్బుతో అచ్చు వేయించుకునే రచయితలూ ఉన్నారు. వాళ్ల పుస్తకాన్ని స్కాన్ చేసి టెలిగ్రామ్‌లో పెట్టడం వాళ్ల కూడు లాక్కోవడమే. దాన్ని నేను ఏ పేరుతోనూ సమర్థించను.

చదువు అవసరాన్ని మన చట్టం పూర్తిగా కాదనలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆవరణలోని రామేశ్వరి జిరాక్స్ షాపుపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో కేసు వేశాయి. బోధనకు అవసరమైనంత మేరకు పాఠ్యభాగాలను నకలు తీసుకోవడాన్ని కాపీహక్కు చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుందని 2016లో హైకోర్టు చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు దావా విరమించుకున్నారు.

2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మంచి అడుగే. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్లను 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించే పథకమిది. ప్రైవేటు కాలేజీలు మాత్రం ఇందులో లేవు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది అక్కడే. జేఎన్‌టీయూ క్యాంపస్‌లో తెరుచుకునే పత్రం, అదే విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ప్రైవేటు కాలేజీలో తెరుచుకోదు. సిలబస్ అదే, డిగ్రీ మీద పేరూ అదే. అర్హత ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు మరో చిక్కుంది. ప్రచురణకర్త సైటు కాలేజీని ఐపీ చిరునామాతో, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్యతో గుర్తుపడుతుంది. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో అది మారిపోతూ ఉంటుంది కాబట్టి నిన్న తెరిచిన జర్నల్ ఇవాళ డబ్బు అడుగుతుంది. స్థిరమైన ఐపీ తీసుకోవాలి, లేదా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ లాగిన్లు (ఐపీతో పని లేకుండా జర్నళ్లు తెరిచేవి) విద్యార్థులందరికీ ఇప్పించాలి.

కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక విభాగాలు 2014లోనే ఒక విధానం ప్రకటించాయి. తమ నిధులతో చేసిన పరిశోధన పత్రాల తుది ఆమోదిత ప్రతిని, అంటే సమీక్ష తర్వాత జర్నల్ అంగీకరించిన రాతప్రతిని, అందరూ చదివేలా సంస్థ ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలన్నది అందులోని షరతు. ప్రచురణకర్త అడిగే గడువు తీరాక ఆ ప్రతి తెరుచుకుంటుంది. తర్వాతి విడత నిధులిచ్చే ముందు ఆ ప్రతి లింకు అడిగితే చాలు, ఈ షరతు కచ్చితంగా అమలవుతుంది. ఈలోగా విద్యార్థులు పత్రానికి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఉంటే చూపించే అన్‌పేవాల్‌ను బ్రౌజర్‌లో పెట్టుకోవచ్చు. గూగుల్ స్కాలర్‌లో పత్రం కింద ఉండే ‘ఆల్ వెర్షన్స్’ చూడవచ్చు. అదీ దొరక్కపోతే రచయితకే మెయిల్ రాయవచ్చు.

రాష్ట్ర ఉన్నత విద్యామండళ్లు రెండూ ప్రైవేటు కాలేజీల విద్యార్థులను ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంలో చేర్చాలని కేంద్రాన్ని అడగాలి. అంతవరకు కనీసం జిల్లా కేంద్ర గ్రంథాలయాల కంప్యూటర్లలోనైనా ఈ జర్నళ్లు తెరుచుకునేలా అనుమతి తేవాలి.

– ఒక గ్రంథపాలకుడు, వరంగల్