మనూరివాడే కదా అని టికెట్ డబ్బులు పంపకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో అమెరికాలో ఉన్న మనవాళ్ల కబుర్లు వేసినప్పుడల్లా చదువుతుంటాను. పిల్లలు అక్కడుంటే ఎవరైనా చదువుతారు. కానీ ఆ పేజీలో ఎక్కడా కనపడని సంగతి ఒకటి 2025 జనవరిలో మా ఇంట్లోనే జరిగింది, అది రాస్తున్నాను. అమెరికా ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్ల గురించి. ఒంగోల్లో ఉండేవాళ్లకి దాంతో ఏం పని అనుకోవద్దు, పోయిన డబ్బులో సగం ఒంగోలు నుంచే పోయింది.

మా అబ్బాయి ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి ఇప్పుడు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నేనూ మా ఆవిడా 2024 నవంబరులో వాళ్ల దగ్గరికి వెళ్లి చలికాలమంతా అక్కడే ఉన్నాం. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అందులోనూ కాలేజీ జట్ల ఆటకి ఉన్న పిచ్చి చూస్తే గానీ నమ్మలేం. సంక్రాంతికి మా వైపు ఎడ్ల బండలాగుడు పోటీలకి జనం ఎట్లా విరగబడతారో అట్లా ఊళ్లకి ఊళ్లే కదిలిపోతాయి. ఒహాయో స్టేట్ వాళ్ల సొంత స్టేడియంలోనే లక్ష మందికి పైగా కూర్చుంటారు, అది ఒక కాలేజీ మైదానం! అన్ని కాలేజీల్లోంచి మేటి జట్లని ఏరి చివర్లో ప్లేఆఫ్, అంటే ఓడితే ఇంటికే అనే పోటీ, పెడతారు. 2014 నుంచి నాలుగే జట్లుండేవి, 2024 సీజన్ నుంచి 12 చేశారు. మ్యాచ్‌లు పెరిగాయి, టికెట్ల వేట పెరిగింది, దాంతోపాటే మోసాలూ.

జనవరి 1న అట్లాంటాలో టెక్సస్ జట్టు అరిజోనా స్టేట్ మీద రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి గెలిచింది. సెమీఫైనల్ 10వ తేదీ శుక్రవారం, ఒహాయో స్టేట్‌తో, ఎక్కడంటే ఇర్వింగ్‌కి దగ్గర్లోనే ఉన్న ఆర్లింగ్టన్‌లో. మా వాడు చదివిన కాలేజీ, పక్క ఊళ్లో మ్యాచ్, అమ్మానాన్నా ఇంట్లో ఉన్నారు, ఇంక ఆగుతాడా. నన్నూ వాళ్లావిడనీ తీసుకెళ్లాలని పట్టుపట్టాడు. మా ఆవిడ చలికి రానంది, కాబట్టి మూడు టికెట్లు.

ఇక్కడొక విషయం చెప్పాలి. ఈ పెద్ద మ్యాచ్‌లకి అసలు ధరకి టికెట్ దొరకడం మామూలు వాళ్లకి చాలా కష్టం. ఆడే రెండు యూనివర్సిటీలకీ కొంత కోటా ఇస్తారు, అది ముందు విరాళాలిచ్చేవాళ్లకీ ఏడాది పొడుగునా టికెట్ కొనేవాళ్లకీ పోతుంది. మిగిలిన వాళ్లకి రీసేల్ ఒకటే దారి. అంటే కొన్నవాళ్లు మళ్లీ అమ్ముకునేవి. మన దగ్గర దాన్ని బ్లాక్ అంటాం, అక్కడ చాలా రాష్ట్రాల్లో అది చట్టం ఒప్పుకున్న వ్యాపారమే, దానికి పెద్ద పెద్ద సైట్లే ఉన్నాయి. ధర మాత్రం గంట గంటకీ మారుతుంది. ఏ జట్టు సెమీస్‌కి వస్తుందో పది రోజుల ముందు దాకా తెలీదు కదా, ఓడిపోయిన జట్టు వాళ్లు ముందే కొన్నవి ఒక్కసారిగా అమ్మకానికి పెడతారు, గెలిచిన జట్టు వాళ్లు ఒక్కసారిగా ఎగబడతారు. మా వాడు ఆ మూడు రోజులూ అన్నం తింటూ కూడా ఫోన్లో ధరలే చూశాడు, ఒక్కోటి ఐదొందల డాలర్లకి తక్కువ కనపడలేదు.

శనివారం పొద్దున అక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అర్జంటుగా ఇండియా వెళ్లాల్సి వచ్చింది, మూడు టికెట్లున్నాయి, కొన్న ధరకే ఇచ్చేస్తా, ఒక్కోటి 350 డాలర్లు అని. ప్రొఫైల్ ఫొటో తిరుమల గోపురం. మా వాడు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. నేను మాట్లాడాను, ఆ మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "టికెట్లు నా కాడే ఉండాయి అంకుల్, మాది కావలి, ఒంగోలుకి పోతా వస్తా ఉంటాం, మీరేం టెన్షన్ పడబాకండి" అన్నాడు. ఆ యాస అచ్చం మా వైపుదే. లాయర్‌పేటలో సాయిబాబా గుడి దాకా చెప్పాడు. పరాయి దేశంలో ఆ మాట వింటే మనసు ఎట్లా కరిగిపోతుందో అక్కడ ఆరు నెలలు ఉన్నవాళ్లకి తెలుస్తుంది. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారుగా పని చేసినవాణ్ణి, ఐదొందలు పలికేది మూడొందల యాభైకి ఎందుకిస్తున్నాడు అని ఒక్క ప్రశ్న వేయలేదు. మా వాడు వెనకాడుతుంటే ఇచ్చెయ్యమని చెప్పింది కూడా నేనే.

మొత్తం 1,050 డాలర్లు. సగం జెల్ చెయ్యండి అన్నాడు, అది మన ఫోన్‌పే లాంటిది, అకౌంట్ నుంచి అకౌంట్‌కి క్షణంలో పోతుంది, పోయింది మళ్లీ వెనక్కి రాదు. మిగతా సగం ఇండియాలో మా అమ్మకి రూపాయల్లో వేయించండి, ఇంట్లో ఖర్చులున్నాయి అన్నాడు. ఆ మాటతో నాకింకా నమ్మకం కుదిరింది, వాళ్లమ్మ ఇక్కడే ఉందంటున్నాడు కదా అని. ఒంగోల్లో మా తమ్ముడికి చెబితే పది నిమిషాల్లో 45 వేలు కొట్టాడు. అన్నీ కలిపి మన డబ్బుల్లో 90 వేలు.

ఆ రాత్రి మూడు టికెట్ల స్క్రీన్‌షాట్లు వచ్చాయి. సెక్షను, వరస, సీటు నంబరు, కింద బార్‌కోడ్, అంతా నిక్కచ్చిగా ఉంది. మా కోడలు దాన్ని పెద్దది చేసి చూసి, మామయ్యా, నేను పాటల ప్రోగ్రామ్‌కి వెళ్లినప్పుడు బార్‌కోడ్ మీద ఒక గీత అటూ ఇటూ కదులుతూ ఉండేది, ఇదేంటి కదలట్లేదు అంది. స్క్రీన్‌షాట్‌లో ఎట్లా కదులుతుందమ్మా అన్నాను నేను. ఆ పిల్ల చెప్పిందే అసలు కిటుకు. అలాంటి టికెట్ల బార్‌కోడ్ ఫోన్లో ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది, ఫొటో తీసిన బార్‌కోడ్ గేటు దగ్గర పనిచేయదు. టికెట్ అంటే ఆ బొమ్మ కాదు. అమ్మినవాడి అకౌంట్‌లోంచి మన అకౌంట్‌లోకి ట్రాన్స్‌ఫర్ అయితేనే అది మనది. ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ చేస్తావు బాబూ అంటే, నిర్వాహకులు గురువారం దాకా లాక్ చేశారంకుల్ అన్నాడు. కొన్ని మ్యాచ్‌లకి నిజంగానే అట్లా ఆలస్యంగా తెరుస్తారట, అందుకే మేమూ నోరు మూసుకున్నాం.

గురువారం డాలస్ అంతా మంచు పడింది, స్కూళ్లు మూసేశారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి అతని ఫోన్ లేదు. గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు. అదే గ్రూపులో ఇంకో ఇద్దరు తర్వాత చెప్పారు, అవే సీటు నంబర్లు వాళ్లకీ వచ్చాయని.

ఇక్కడ నా బాధ డబ్బు గురించి ఒక్కటే కాదు. మా చిన్నప్పుడు ఒంగోల్లో కొత్త సినిమా మొదటి రోజు బ్లాక్‌లో కొనేవాళ్లు కూడా కాగితం చేతిలో పడ్డాక, థియేటర్ పేరూ ఆట టైమూ చూసుకున్నాకే డబ్బు తీసేవాళ్లు. రైలు టికెట్ కూడా అంతే. చదువుకోనివాడికి సైతం ఉన్న ఆ జాగ్రత్త, ఫోన్లో మన యాస వినపడగానే మాలో ఎవరికీ లేకుండా పోయింది. అక్కడ రీసేల్ తప్పు కాదు కాబట్టి అనుమానం రాదు, అమ్మేవాడు మనవాడు కాబట్టి అడగడానికి మొహమాటం. ఈ రెంటినీ కలిపి వాడుకున్నాడు. అమెరికా వాడెవడో ఇట్లా అడిగి ఉంటే మా వాడు ఒక్క డాలరు కూడా పంపేవాడు కాదు.

శుక్రవారం మ్యాచ్ ఇంకో మూడు గంటలుందనగా మా వాడు మొండికేసి ఒక పెద్ద రీసేల్ సైట్‌లో రెండు టికెట్లు తీశాడు. కోడలు నేను రానంది, ఖర్చు చాలనుకుంది పాపం. పైన చూపించింది ఒక్కోటి 430 డాలర్లు, డబ్బు కట్టే చివరి పేజీకి వచ్చేసరికి ఫీజులు కలిపి 548. అంటే 27 శాతం పైన. ఇప్పుడది కొంత మారింది, 2025 మే 12 నుంచి అమెరికా ప్రభుత్వం వాళ్ల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది, టికెట్ ధర చూపించేటప్పుడే తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం చూపించాలి. అయినా చివరి పేజీ చూడకుండా నొక్కొద్దని మా వాడికి చెప్పాను. ఖరీదే కానీ, ఆ టికెట్లు ఐదు నిమిషాల్లో వాడి అకౌంట్‌లోకి వచ్చి పడ్డాయి, గీత కదులుతూ కనపడింది. అట్లాంటి సైట్లలో టికెట్ రాకపోతే డబ్బు వెనక్కిస్తామనే హామీ ఉంటుంది. సీటు దొరుకుతుందని కాదు సుమా, డబ్బు వస్తుందని. కొంతమంది తమ దగ్గర లేని టికెట్లని కూడా ముందే అమ్మకానికి పెట్టి, తర్వాత ఎక్కడో చౌకగా కొని ఇద్దామని చూస్తారట, కాబట్టి ఆ హామీ చదువుకోవాలి. డబ్బు క్రెడిట్ కార్డు మీద కడితే మోసం జరిగినా బ్యాంకుతో పోట్లాడటానికి ఒక దారి ఉంటుంది, జెల్ చేస్తే ఆ దారి దాదాపు ఉండదు. కారు పార్కింగ్‌కి మళ్లీ వేరే టికెట్. లోపలికి తీసుకెళ్లే సంచి లోపలున్నవి కనపడేలా ప్లాస్టిక్‌ది అయి ఉండాలి, మా ఆవిడ కట్టిచ్చిన సకినాల గుడ్డసంచి కార్లోనే వదిలేశాం.

మ్యాచ్ గురించి ఒక్క ముక్క. చివర్లో టెక్సస్, దాటితే పాయింట్లొచ్చే గీతకి ఒక్క గజం దూరం దాకా వచ్చింది, సమం అయిపోతుందని స్టేడియం అంతా లేచి నిలబడింది. అక్కణ్ణుంచి వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, ఒహాయో ఆటగాడు జాక్ సాయర్ మా వాళ్ల కుర్రాడి చేతిలోని బంతి కొట్టేసి 83 గజాలు పరిగెత్తాడు. 28-14. ఒకప్పుడు వాళ్లిద్దరూ ఒహాయోలో ఒకే గదిలో ఉన్నవాళ్లట. మా వాడు కారెక్కేదాకా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాకే తమ్ముడికి నిజం చెప్పాను. వాడు 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు పోయి ఏడు రోజులు. ఆ సైబర్ క్రైమ్ నంబరుకి వెంటనే చేస్తే, డబ్బు చేరిన అకౌంట్‌లో ఇంకా ఉంటే ఆపగలుగుతారు. మా సొమ్ము ఎప్పుడో వేరే అకౌంట్లలోకి వెళ్లిపోయింది. శనివారం రాత్రి స్క్రీన్‌షాట్ చూసి కోడలు అనుమానపడ్డప్పుడే చేసి ఉంటే ఎట్లా ఉండేదో. ఆగింది సిగ్గుతో, ఇంకేం కాదు. అక్కడ పోయిన డాలర్ల గురించి ఎఫ్‌బీఐ వాళ్ల ఇంటర్నెట్ ఫిర్యాదుల సైట్‌లో మా వాడు ఫిర్యాదు పెట్టాడు, ఊళ్లో పోలీసులకీ రాసిచ్చాడు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2025 డిసెంబరు 7న ఈ సీజన్ 12 జట్లనీ ప్రకటిస్తారు. 19, 20 తేదీల్లో మొదటి రౌండ్ కాలేజీల సొంత మైదానాల్లో, 31న మళ్లీ అదే ఆర్లింగ్టన్‌లో ఒక క్వార్టర్ ఫైనల్, 2026 జనవరి 19న మయామీ దగ్గర ఫైనల్. మన జిల్లాల పిల్లలు ఆ ఊళ్లన్నిట్లో ఉన్నారు, చలికాలం సెలవులకి అమ్మానాన్నలు కూడా వెళ్తున్నారు. ఒంగోల్లో, నెల్లూర్లో, కావలిలో ఉన్న తండ్రికో బాబాయికో పిల్లలు ఫోన్ చేసి ఈ అకౌంట్‌లో రూపాయలు వెయ్యండి, టికెట్ల కోసం అని అడిగితే ఎవరికి, ఎందుకు, టికెట్ నీ అకౌంట్‌లోకి వచ్చిందా అని మూడు ప్రశ్నలు వేయమని మీ పేపర్లో 7వ తేదీ లోపల వేయాలని నా కోరిక. మొదటి పేజీ అక్కర్లేదు, జిల్లా పేజీలో వేసినా మా తమ్ముడి లాంటివాళ్లు చూస్తారు, వాడు రోజూ పొద్దున ముందు చదివేది అదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
లాయర్‌పేట, ఒంగోలు.