ఆ యాప్ చేసినవాళ్లు ఒక్క పూట మా సందులో కూర్చోవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన సోమవారం మీ విశాఖ పేజీలో కొత్త ఫిర్యాదుల యాప్ గురించి అరపేజీ వార్త, ఫోన్లు పట్టుకుని నవ్వుతున్న అధికారుల ఫొటో చూశాను. అది ఏ కార్యాలయం యాపో ఊరందరికీ తెలుసు, మళ్లీ చెప్పక్కర్లేదు. ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో రాశారు. అందులో నేనూ ఒకణ్ని. ఎంతమంది ఫిర్యాదు చివరిదాకా పంపగలిగారో మాత్రం రాయలేదు.

మా కంచరపాలెం సందు చివర ఇడ్లీ బండి పెట్టుకునే మామ్మ ఉంది. బండి పక్కన కాలువ పొంగి పది రోజులైంది. "మేస్టారూ, మీ ఫోన్లో ఓ కంప్లయింటు ఎట్టండి" అంటే ఆవిడ ముందే కూర్చుని మొదలెట్టాను. యాప్ తెరవగానే వార్డు నంబరు అడిగింది. నగరంలో 98 వార్డులు. మామ్మకి రామాలయం సందు తెలుసు గానీ వార్డు నంబరు తెలీదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు. వెతికి పట్టుకునేసరికి ఓటీపీ వచ్చింది. అది చూడ్డానికి మెసేజీల్లోకి వెళ్లొస్తే అప్పటిదాకా నింపినదంతా మాయం. మళ్లీ మొదటికి. ఫొటో 200 కేబీ దాటకూడదట, నా ఫోన్ తీసేదేమో నాలుగు ఎంబీ. ఆ కుదించే పనేదో యాపే చేసుకోకూడదా?

పోనీ తెలుగులో చూద్దామని భాష మారిస్తే 'హోమ్' కాస్తా 'ఇల్లు' అయింది. "అది నొక్కకండి మేస్టారూ, ఇంటిపన్ను అడుగుతాడేటో" అంది మామ్మ. నాకు చత్వారం, అందుకని ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. దాంతో 'సమర్పించు' బటన్ తెర కిందికి జారిపోయి కనపడలేదు. మళ్లీ చిన్నవి చేసి, కళ్లు చికిలించి నొక్కాను. వేలు పెట్టే చోటు ఫోన్ తెర కొలతలో కనీసం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ వాళ్లే చెబుతారని రుషికొండ ఐటీ పార్కులో పనిచేసే మా మేనకోడలు అంది. ఇక్కడివి ఆవగింజలు.

మామ్మకి ఫోన్ సంగతులు రావనుకుంటే పొరపాటు. బండి మీద డబ్బులు పడగానే తెలుగులో పలికే డబ్బా ఉంది. చేతులకి పిండి, తెర చూసే తీరిక లేదు, చెవులొక్కటే ఖాళీ. ఎవరో అది గమనించి చేశారు, కాబట్టే ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మన యాప్ వాళ్లు గమనించింది ఆఫీసులో ఏ సెక్షన్ ఏ గదిలో ఉందో! ఆ పేర్లే మెనూ చేసి మనకిచ్చారు. పొంగిన కాలువ ఇంజనీరింగ్ కిందికొస్తుందా, శానిటేషన్ కిందికా అని నన్నడుగుతుంది. అది తేల్చడానికి కాదూ వాళ్లకి జీతాలిచ్చేది?

పూర్వం కౌంటర్‌లో గుమాస్తా కసురుకున్నా కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట, యాప్‌లో పెట్టండి. చూపు లేనివాళ్లకి డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. ఈ యాప్‌ని, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో విని చూడండి, ప్రతి బొమ్మ దగ్గరా 'బటన్, బటన్' అంటుందే తప్ప దేని బటనో చెప్పదు. గూగుల్ డేటా సెంటర్ వస్తోందని ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకున్నాం. ముందు ఈ ఒక్క యాప్‌ని నలుగురు ముసలివాళ్ల చేతికిచ్చి, పక్కన కూర్చుని చూసి బాగుచేయండి. అది అయ్యేదాకా ఆ కౌంటర్ తెరిచి ఉంచండి.

నాలుగో రోజున 'మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి' అని వచ్చింది. కాలువ అలాగే ఉంది, మామ్మే బండిని రెండు గజాలు అవతలికి జరుపుకుంది. మళ్లీ ఫిర్యాదు పెడదామంటే రేటింగ్ ఇస్తే గానీ యాప్ ముందుకు కదలడం లేదు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
కంచరపాలెం, విశాఖపట్నం