ఒకే తలలో రెండు రకాల జుట్టు

అట్లాంటా
ఆదివారం

చిట్టికి అక్క ఆశీస్సులు.

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పినాడు, సంతోషం. ఇక్కడ అందరం బాగున్నాం. నీ పార్లర్‌కు వస్తున్న టాంజానియా అమ్మాయి ఫోటోలు చూసినా. ఇంతకుముందు టెక్స్చరైజర్, అంటే రింగులను కొంచెం వదులు చేసే మందు, పెట్టించుకుందనీ, రింగులు వదులైనా ఆమెకు చాల్లేదనీ, ఇప్పుడు పూర్తిగా సాఫుగా కావాలంటోందనీ రాసినావు. నీ దగ్గరున్న రీబాండింగ్ క్రీముతో చేసేద్దామా అని కూడా అడిగినావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నా, ఈ కాగితాలు పార్లర్లోనే పెట్టుకో.

అన్నిటికన్నా ముందు మాట: రీబాండింగ్ క్రీము ఆ తల దరిదాపులకు కూడా తీసుకుపోవద్దు. రీబాండింగ్, స్మూతనింగ్ క్రీముల్లో ఎక్కువగా ఉండేది అమ్మోనియం థయోగ్లైకొలేట్, పొట్టిగా థయో అందాం. అది వెంట్రుకలోని గంధకపు బంధాలను విప్పుతుంది. తర్వాత నువ్వు పెట్టే న్యూట్రలైజర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని సాఫుగా ఉన్న స్థితిలో మళ్ళీ కలుపుతుంది. టెక్స్చరైజర్ దారీ, రింగుల జుట్టును పూర్తిగా సాఫు చేసే రిలాక్సర్ దారీ వేరు. వాటిలో ఉండేది గట్టి క్షారం, పీహెచ్ 12 పైమాటే. విప్పిన ప్రతి బంధంలో ఉన్న రెండు గంధకపు పరమాణువుల్లో ఒకదాన్ని అది శాశ్వతంగా తీసేస్తుంది. మిగిలేది లాంథియోనైన్ అనే బంధం, దాన్ని ఏ పెరాక్సైడూ వెనక్కి తేలేదు. థయో పెట్టిన జుట్టుకు క్షారం తగిలినా, క్షారం పెట్టిన జుట్టుకు థయో తగిలినా మిగిలిన బంధాలు కూడా పోయి వెంట్రుకలు తెగి దువ్వెనకే వచ్చేస్తాయి.

టెక్స్చరైజర్ అంటే వేరే మందేమీ కాదు. అదే రిలాక్సర్, తక్కువ బలంతోనో తక్కువ సేపో పెట్టేది. కాబట్టి ఆ అమ్మాయికి ఇప్పుడు చేయాల్సింది మందు మార్చడం కాదు, సగంలో ఆపిన పనిని ముగించడం. చిక్కంతా ఇక్కడే ఉంది. కుదుళ్ళ దగ్గర కొత్తగా మొలిచిన జుట్టు మందు ముఖమే చూడలేదు, కింద జుట్టుకు సగం పని అయిపోయింది. రెండిటికీ ఒకే టైము ఇచ్చినావంటే పైన వంకరలు మిగులుతాయి, లేదా కింద తెగిపోతుంది.

ఆ అమ్మాయికి ఒకటి ముందే చెప్పు. ఒకసారి సాఫు చేసినాక మళ్ళీ రింగులు కావాలంటే మందు లేదు. కొత్తది పెరిగేదాకా ఆగి పాతది కత్తిరించుకోవాలి, లేదంటే కొండెక్కి కల్యాణకట్టలో ఇచ్చేసి రావాలి.

ఇక అడగాల్సినవి. టెక్స్చరైజర్ పెట్టి ఎన్ని వారాలైంది? కనీసం ఎనిమిది వారాలు కావాలి. జుట్టు నెలకు దాదాపు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండు నెలలకు రెండున్నర వస్తుంది. అంతకన్నా తక్కువ ఉంటే కొత్త జుట్టుకు మాత్రమే మందు పట్టించడం కుదరదు, పాతదాని మీదికి పాకుతుంది. బ్లీచ్ చేయించుకుందా? చేయించుకుని ఉంటే పని ఒప్పుకోవద్దు, డబ్బు ఎంతిచ్చినా సరే. సవరం కలిపి బిగుతుగా అల్లిన సన్న జడలు ఈమధ్యనే విప్పిందా? అయితే రెండు వారాలు ఆగమను, లాగుడుకు నలిగిన మాడు మంటెత్తుతుంది. హెన్నా పెట్టిందా అనేది మనూళ్ళో మరీ ముఖ్యం. కొన్ని కలిపిన పొడుల్లో లోహపు లవణాలుంటాయి. అనుమానమైతే 30 మిల్లీలీటర్ల 20 వాల్యూమ్ పెరాక్సైడ్‌లో 28 శాతం అమ్మోనియా 20 చుక్కలు వేసి, కత్తిరించిన చిన్న పాయను అరగంట ముంచు. వేడెక్కినా, నురగ పొంగినా, వెంట్రుక తెగివచ్చినా ఆ తల ముట్టుకోవద్దు. ఈ పరీక్ష గ్లాసులోనే, తల మీద కాదు.

తర్వాత సాగుడు చూడు. తడి వెంట్రుక ఒకటి పట్టుకుని మెల్లగా లాగు. సాగి మళ్ళీ వెనక్కి రావాలి. సాగి అట్లాగే ఉండిపోయినా, టక్కున తెగినా రెండు మూడు వారాలు ప్రొటీన్ కండిషనర్ పెట్టించి మళ్ళీ చూడు.

ఆమె తెచ్చుకున్న డబ్బా ఏ రకమో చదువు. సోడియం హైడ్రాక్సైడ్ అని ఉంటే అది కాస్టిక్ సోడానే. తొందరగా పనిచేస్తుంది, జుట్టు మెత్తగా వస్తుంది, కానీ మాడును కాలుస్తుంది. రెండు భాగాలుగా, అంటే క్రీము వేరుగా, ఆక్టివేటర్ సీసా వేరుగా ఉంటే అది సున్నం రకం. కాల్షియం హైడ్రాక్సైడ్ క్రీములో గ్వానిడీన్ కార్బొనేట్ కలిపితే గ్వానిడీన్ హైడ్రాక్సైడ్ తయారవుతుంది. మాడుకు కొంచెం నయం, కానీ వెంట్రుక మీద కాల్షియం పేరుకుని జుట్టు గడ్డిలా ఎండుతుంది. దానికి తోడు బోరు నీళ్ళు! బకెట్‌కు తెల్లగార పట్టించే నీళ్ళు జుట్టును వదులుతాయా? ఆ రకం వాడితే పేరుకున్న కాల్షియాన్ని వదిలించే, ఈడీటీఏ ఉన్న చీలేటింగ్ షాంపూ నెలకోసారి తప్పనిసరి. ఆక్టివేటర్ సగం పోసి సగం దాచడం వద్దు, కొలత చెడుతుంది. కలిపింది మిగిలితే పారేయ్. అల్యూమినియం గిన్నె వాడొద్దు, క్షారం దాన్ని తింటుంది. ప్లాస్టిక్ గిన్నె, ప్లాస్టిక్ గరిటె చాలు.

బలం విషయంలో నా మాట విను: సూపర్ వద్దు. పాత జుట్టు సగం మెత్తబడి ఉంది కాబట్టి మైల్డ్ లేదా రెగ్యులర్ చాలు.

అసలు పనికి ముందు పాయ టెస్ట్ చేయి. వెనక నడినెత్తి దగ్గర ఒక సన్నని పాయ తీసుకుని మిగతా జుట్టును ఫాయిల్‌తో కప్పు. కొత్తగా మొలిచినచోట క్రీము పెట్టి ఎన్ని నిమిషాలకు సాఫైందో రాసుకో. పాత భాగానికి వేరుగా పెట్టి వేరుగా రాసుకో. పైన 14 నిమిషాలు, కింద 4 నిమిషాలు పట్టిందనుకో, అవే నీ రెండు టైములు. డబ్బా మీద రాసిన గరిష్ఠ టైము మాత్రం ఎప్పుడూ దాటకూడదు.

మూడు రోజుల ముందు నుంచి తలస్నానం, గోకడం, గట్టిగా దువ్వడం వద్దు. పుండు కనిపిస్తే ఆ రోజు పని లేదు. నుదుటి అంచు, చెవులు, మెడ, పాపిళ్ళు అన్నిటికీ వాసెలిన్ దట్టంగా రాయి. జుట్టు చివరి రెండంగుళాలకు కండిషనర్ పట్టించు, అవి ఎప్పుడూ అన్నిటికన్నా బలహీనం. నాలుగు భాగాలు చేసి, అర సెంటీమీటరు మందం పాయలతో నడినెత్తి వెనక నుంచి మొదలుపెట్టు. మాడుకు అర సెంటీమీటరు దూరంలో కొత్త జుట్టుకు మాత్రమే పెట్టు. ఒంటి వేడికి కుదుళ్ళు తొందరగా పండుతాయి, మందు తనంతట తానే ఆ కాస్త దూరం పాకుతుంది. ముఖం అంచు జుట్టు సన్నం, అక్కడ చివర్లో పెట్టు. టైము మొదటి పాయ ముట్టుకున్నప్పటి నుంచి లెక్క, అంతా పూసినాక కాదు. ఎనిమిది నిమిషాల్లో పూత ముగియాలంటే ఇద్దరు కావాలి, పక్కన అమ్మాయిని పెట్టుకో.

పూసినాక దువ్వెన పళ్ళతో లాగొద్దు, ఆ స్థితిలో వెంట్రుక రబ్బరులా సాగి తెగుతుంది. దువ్వెన వెనకవైపుతో గానీ గ్లోవ్స్ వేళ్ళతో గానీ మెల్లగా నొక్కు. టైము ముగియడానికి, టెస్టులో పాత జుట్టుకు పట్టినన్ని నిమిషాలు మిగిలినప్పుడు మాత్రమే క్రీమును కింద జుట్టుకు దించు. వంకర పూర్తిగా, నూటికి నూరు పోవాలని పట్టు పట్టొద్దు. ఎనభై వంతులు పోతే ఆపు. ఆ మిగిలిన ఇరవై వంతులే జుట్టుకు బలం. మంట అంటే ఆ చోట వెంటనే కడుగు. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్ళతో కడిగి నేరుగా ఆసుపత్రికి.

కడగడంలోనే చాలామంది చెడగొడతారు. గోరువెచ్చని ధార కింద క్రీము జాడ లేకుండా కనీసం ఐదు నిమిషాలు, చెవుల వెనక, మెడ మీద మరీ జాగ్రత్తగా. తర్వాత మిగిలిన క్షారాన్ని విరిచే న్యూట్రలైజింగ్ షాంపూ. నురగ గులాబీ రంగులో వస్తే క్షారం ఇంకా ఉన్నట్టు. తెల్లగా వచ్చేదాకా, ఆ తర్వాత ఇంకోసారి. క్షారం మిగిలితే ఇంటికిపోయినాక కూడా జుట్టును కరిగిస్తూనే ఉంటుంది. రీబాండింగ్ న్యూట్రలైజర్ ఇక్కడ పనికిరాదు. కుంకుడు రసం కూడా వద్దు, క్షారం పోయిందో లేదో అందులో తెలియదు.

నీళ్ళ సంగతి నీకు చెప్పాలా? తెలుగుగంగ నీళ్ళు వచ్చే రోజు చూసుకుని పొద్దున్నే పెట్టుకో. ఎండల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాలుతుంటాయి. కరెంటు పోయి మోటారు ఆగితే తల మీద మందు ఆగదు. రెండు 20 లీటర్ల బకెట్లు నింపి పక్కన పెట్టుకున్నాకే డబ్బా మూత తియ్యి.

రీబాండింగ్‌కు చెప్పినట్టు మూడు రోజులు తడపొద్దు, కట్టొద్దు అనే నియమం దీనికి లేదు. వారానికోసారి 20 నిమిషాలు డీప్ కండిషనర్. తలస్నానానికి ముందు కొబ్బరినూనె మంచిదే. రెండు వారాలు బిగుతు జడలు వద్దు.

మళ్ళీ ఎప్పుడంటే, ఇక్కడ చాలామంది ఎనిమిది వారాలకే వస్తారు. నేనైతే 12 వారాలు ఆపుతాను. 2022 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధకులు 33,497 మంది ఆడవాళ్ళను దాదాపు 11 ఏళ్ళు గమనించిన అధ్యయనం వెలువడింది. జుట్టు సాఫు చేసే మందులు ఎప్పుడూ వాడనివాళ్ళలో 70 ఏళ్ళ లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అని, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో 4.05 శాతం అని లెక్క కట్టినారు. మందే కారణమని తేలలేదు, సంబంధం మాత్రం కనిపించింది. ఎనిమిది వారాలకోసారి అంటే ఏడాదికి ఆరుసార్లు. ఆ అమ్మాయికి ఇదీ చెప్పు, నిర్ణయం ఆమెది. నువ్వు మాత్రం గ్లోవ్స్ లేకుండా, కిటికీలు మూసి ఈ పని చేయొద్దు.

గులాబీ రంగు చూపే షాంపూ అక్కడ దొరక్కపోతే సంక్రాంతికి వచ్చేవాళ్ళ చేతికి రెండు సీసాలు ఇచ్చి పంపిస్తా. అవి అందేదాకా పని మొదలుపెట్టొద్దు. ఈలోగా పాయ టెస్ట్ చేసి ఆ పాయ ఫోటో, డబ్బా ముందువైపు, వెనకవైపు ఫోటోలు వాట్సాప్‌లో పెట్టు. అక్షరాలు చదివేట్టు తియ్యి, పోయినసారి పంపినట్టు మసకగా కాదు.

ఇట్లు,
అక్క