ఆయనను ‘జపాన్ ఫొటోగ్రాఫర్’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

టామియో వాకయామా జీవితంపై సిండీ మోచిజుకి తీసిన ‘బిట్వీన్ పిక్చర్స్’ డాక్యుమెంటరీ గురించి మా మిత్రుల మధ్య మాట వచ్చినప్పుడు, ఒకరిద్దరు ఆయనను ‘జపాన్ ఫొటోగ్రాఫర్’ అన్నారు. పేరు విని అలా అనుకోవడం సహజమే గాని, ఆయన బతుకంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

వాకయామా 1941లో కెనడాలోని న్యూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో పుట్టారు. ఆయనకు ఏడాది నిండకముందే అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి చేసింది. 1942లో కెనడా ప్రభుత్వం పశ్చిమ తీరం నుంచి దాదాపు 22 వేల మంది జపాన్ సంతతివారిని, వారిలో ఎక్కువమంది తన పౌరులే అయినా, ఇళ్లు ఖాళీ చేయించి తరలించింది. వేలమందిని ముందుగా వాంకూవర్‌లోని హేస్టింగ్స్ పార్కులో, అంతకుముందు పశువులను కట్టేసిన కొట్టాల్లో ఉంచారు. వాకయామా కుటుంబం టాష్మీ అనే నిర్బంధ శిబిరం పాలైంది. భద్రపరుస్తామని స్వాధీనం చేసుకున్న ఇళ్లను, పడవలను, పొలాలను అధికారులే అమ్మేశారు. అంతకుముందే ఆ తీరంలోని జపాన్ సంతతివారి కార్లు, రేడియోలతో పాటు కెమెరాలు కూడా లాక్కున్నారు. కెమెరా ఉంటేనే దేశానికి ముప్పని ముద్రపడిన జనంలోంచి వచ్చిన బిడ్డ పెరిగి పెద్దయి కెమెరానే చేతపట్టాడంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు చనిపోయిన కొద్దిరోజులకే, ఆయన చదువు వదిలి అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వెళ్లారు. పౌరహక్కుల కోసం పోరాడుతున్న విద్యార్థి సంఘం ‘స్నిక్’లో మొదట ఊడ్చే పని, కారు నడిపే పని చేసి, తర్వాత దాని ఫొటోగ్రాఫర్ అయ్యారు. పరాయివారి పోరాటాన్ని తనదిగా చేసుకున్న ఆ మనిషి, తన వారిని వెతుక్కుంటూ చివరికి వాంకూవర్‌లో ఒకప్పుడు జపాన్ సంతతివారు నివసించిన పావెల్ స్ట్రీట్‌కు చేరారు. 1942లో ఖాళీ అయిన ఆ వీధిలో 1977లో మొదలైన జపాన్ సంతతివారి ఉత్సవాన్ని ఏళ్ల తరబడి చిత్రించారు.

విదేశాల్లో పుట్టిన మన పిల్లలను ‘తెలుగువారు’ అని గర్వంగా రాసుకుంటాం. అది ప్రేమతో అనే మాటే. కాని పుట్టిన దేశమే వారిని పరాయివారిగా చూస్తే ఆ గుర్తింపు ఎంత భారమవుతుందో కెనడాలోని తెలుగు కుటుంబాలు ఈ చిత్రం చూసి ఆలోచించాలని నా కోరిక.

మీ ఆదివారం సంచికలో ఈ చిత్రం గురించి రాస్తే, ఆయనను ‘జపాన్ సంతతికి చెందిన కెనడా ఛాయాగ్రాహకుడు’ అని పరిచయం చేయవలసిందిగా, లాక్కున్న ఆ కెమెరాల సంగతి తప్పక ప్రస్తావించవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశాఖపట్నం